మూడో షిఫ్టు

గౌరీ సౌండ్ సర్వీసు వాళ్లకి మేమింకా
మూడొందల నలభై బాకీ.
మా బ్యాండు ఉండేదనడానికి
కాగితం మీద మిగిలింది ఆ రసీదొక్కటే:
"మూడో సిఫ్టు కుర్రోళ్లు. ఒక బాక్సు, రెండు మైకులు."
రెండో మైకు పలకలేదని
ఇప్పటికైనా చెప్పాలి.

నెల్లిమర్ల జూట్ మిల్లు గేటుకి
తాళం పడిన ఏడాది అది.
మూడో షిఫ్టంటే రాత్రిది.
ఆ ఏడాది రాత్రుళ్లు ఎవరికీ పనిలేదు,
పేరు ఖాళీగా పడుంటే తీసుకున్నాం.

పైడిరాజు డ్రమ్ములు.
వాళ్ల తాత గుండెకి తప్పెట కట్టుకుని
చంపావతి ఒడ్డున గొర్రెల వెనక ఆడినవాడు.
వీడు ఆ దరువునే
రెండు పెయింటు డబ్బాలకీ ఒక అద్దె తాళానికీ నేర్పాడు.
తవిటినాయుడు గిటారు.
విజయనగరం సంగీత కళాశాలలో రెండేళ్లు వయొలిన్,
మూడో ఏడు గమకం దగ్గర గురువుగారితో పేచీ:
"తీగ ఏడిస్తే ఏడవనీండి, దానికి మర్యాదేటండీ?"
సలోమి పాట.
ఘోషాసుపత్రిలో నర్సు ట్రైనింగు.
రాత్రి ప్రసవాల వార్డులో విన్న కేకలు
మర్నాడు మధ్యాన్నానికీ ఆమె గొంతు దిగేవి కావు.
బేసు నేను.
నాకు వాయించడం రాదు,
నాలుగే తీగలంటే సరేనన్నాను.

మా పిన్ని కొట్టుగదిలో సాధన.
చప్పుడు బయటికి పోకుండా
గోడలకి గోనెసంచులు కట్టాం,
మిల్లు ఆఖరిసారి నేసిన సంచులు.
చప్పుడు పోయింది, దుమ్ము మిగిలింది.
ఇప్పటికీ ఆ పాటలు తల్చుకుంటే
నాకు తుమ్మొస్తుంది.

మొత్తం మూడు కచేరీలు.
ఒకటి ఇంజినీరింగు కాలేజీలో.
సినిమా పాట, సినిమా పాట అని అరిచారు.
కరెంటు పోయింది.
పోయినందుకు చప్పట్లు కొట్టారు.
రెండోది పెళ్లి రిసెప్షను.
దాని సంగతెత్తొద్దని పైడిరాజు ఒట్టేయించుకున్నాడు.

మూడోది మిల్లు గేటు ముందు,
లాకౌటు నూరో రాత్రి.
ఆ పాటకి మాటల్లేవు, టోకెను నంబర్లే.
నాలుగొందల పదకొండు, మా అయ్య.
ఏడొందల రెండు, సూరత్ పోయి కబురు లేనివాడు.
సలోమి హాజరు పిలిచినట్టు మెల్లగా మొదలెట్టి
నంబరు నంబరుకీ గొంతు చించుకుంది.
తన నంబరు వచ్చినప్పుడు
ఒక్కొక్కడూ తలెత్తాడు.
ఎవరో ఒకాయన, అలవాటు చొప్పున,
"ఉన్నా" అన్నాడు.
బేసు తీగ మీద నా వేలు
అక్కడే ఉండిపోయింది.

అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
ఒక ముసలమ్మ దగ్గరికొచ్చి అడిగింది:
"ఏటమ్మా అల్లా అరిసినావు, ఎవులైనా పోనారేటి?"
"ఇంకా నేదు మామ్మా" అంది సలోమి.

తగువులు పడి విడిపోయిన బ్యాండ్లుంటాయట.
మాకు ఆ యోగం లేదు.
ఒక సోమవారం పొద్దున్న సైరను మోగింది.
ఊరంతా పరుగెత్తింది.
మా అమ్మ గేటుకి కొబ్బరికాయ కొట్టింది.
పైడిరాజు వాళ్ల నాన్న బదులు లోపలికెళ్లాడు,
మూడో షిఫ్టుకే.
అందరి పొయ్యిలూ వెలిగిన రోజున
ఏడుపొచ్చిందని ఎవరితో చెప్పను?
గోనెసంచులు విప్పి, మడతపెట్టి,
పిన్నికి ఇచ్చేశాను.

ఒక క్యాసెట్టు ఉంది.
సలోమి వాళ్ల చర్చి క్యాసెట్టు మీదే ఎక్కించాం.
తొమ్మిదో నిమిషంలో మా పాట తెగిపోయి
అడుగునున్న పాస్టరుగారి గొంతు
వాక్యం మధ్యలోంచి లేస్తుంది:
"...అంతట వారు లేచి వెళ్లిపోయిరి."

నేనిప్పుడు కరెంటాఫీసులో లైన్‌మన్ని.
గౌరీ సౌండ్ సర్వీసు మా సెక్షనులోదే.
వాడు బాకీ అడగడు,
నేను వాడి మీటరు మరీ పరీక్షగా చూడను.

గాలివానకి ఫీడరు పడిపోయిన రాత్రుళ్లు
బాగుచేసి, స్విచ్చి పైకెత్తుతాను.
ట్రాన్స్‌ఫార్మరు గుర్రుమని మొదలౌతుంది,
ఒకటే స్వరం, తెగకుండా.
మూడో తీగ, ఐదో మెట్టు.
ఆ రాత్రి నా వేలు ఆగిపోయిన చోటు.
చెయ్యి గ్లోవ్సులో ఉంటుంది గనక
హెల్పరు గుంటడికి ఏమీ కనపడదు.
"ఎల్దామా అన్నా" అంటాడు.
కాసేపుండు, అంటాను.
లోడు చూడాలి.